న్యాయం చెప్పిన గురువులు
(సన్మాన సభలో చేసిన ప్రసంగం)



పదవీ విరమణ చేస్తున్న ఈ ఇద్దరు న్యాయశాస్త్ర ఆచార్యులకు శాలువా కప్పే ముందు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను బడి పంతులమ్మను, లా చదవలేదు. అయినా లా పంతుళ్ల సత్తా తెలిపే సంగతి ఒకటి చెబుతాను.

1972లో మహారాష్ట్రలో మథుర అనే గిరిజన బాలికపై పోలీస్ స్టేషన్‌లోనే అత్యాచారం జరిగింది. హైకోర్టు శిక్షించిన ఇద్దరు పోలీసులను సుప్రీంకోర్టు 1978లో వదిలేసింది. ఆమె ఒంటిమీద గాయాలు లేవట! మరుసటి ఏడాది ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగమ్‌వార్ అనే నలుగురు అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అన్నారు. తీర్పు మారలేదు. చట్టం మాత్రం 1983లో మారింది. పోలీసు నిర్బంధంలో సంబంధం జరిగిందని రుజువయ్యాక, స్త్రీ "నేను ఒప్పుకోలేదు" అంటే కోర్టు ముందుగా ఆ మాటే నమ్మాలి.

మన సార్లు అంత పెద్ద లేఖలు రాయలేదు. మా బడి వరండాలో తల్లులను కూర్చోబెట్టి చెప్పారు: భర్త రెండేళ్లు పోషించకపోతే 1939 చట్టం కింద ముస్లిం స్త్రీ కోర్టులో విడాకులు కోరవచ్చని, ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు ఉచితంగా వకీలును ఇస్తారని. ఆ రోజు ఒకామె నిఖానామా తెచ్చి చూపింది. దాన్ని సారు నిదానంగా, రెండుసార్లు చదివారు.

మా పాత విద్యార్థినులు ఇద్దరు ఈసారి లాసెట్ రాశారు. వారి ఫీజుల వివరం కోశాధికారి గారి దగ్గర ఉంది.