వీధి పేరు – చేతి పని



ఇరువదియైదేండ్లుగా ఈ పల్లెకు విజ్ఞాన దీపమై వెలుగుచున్న గ్రంథాలయ రజతోత్సవమున మాటలాడు భాగ్యము నాకు కలిగినది. పుస్తకములను గూర్చి పెద్దలు ఇదివరకే సెలవిచ్చినారు. నేను వీధులను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును.

కుమ్మరివాడ, సాలెవాడ, కటికవాడ యను పేర్లు మనలో వినని వారుండరు. ఒక్కొక్క పేరు ఒక్కొక్క వృత్తికి గుర్తు. ఈ రీతి మనకే పరిమితము కాదు. ఇంగ్లండులోని యార్కు నగరమున షాంబుల్సు అను ఇరుకు వీధి కలదు. మాంసము పరచి అమ్ము బల్లకు ప్రాచీనాంగ్లమున గల పేరే ఆ వీధికి పేరైనది. అచ్చటి మేడలు వీధిలోనికి ముందుకు వంగి మాంసముపై ఎండ పడనీయకుండెను. కిటికీల క్రింద వెడల్పైన అరుగులు, వ్రేలాడదీయుటకు కొక్కెములు, నెత్తురు కడిగివేయుటకు నడుమ పల్లపు దారి – అన్నియు వృత్తికి తగినట్లే అమరినవి. 1872లో అచ్చట 25 కటిక దుకాణములుండెను. నేడు ఒక్కటియు లేదు. కొక్కెములను యాత్రికులు చూచి పోవుచున్నారు. వీధి నిలిచినది, వృత్తి పోయినది.

మన ప్రాంతమున దీనికి విపరీతముగా జరిగిన కథ యొకటి కలదు. మానేటి ఒడ్డున కోటతో వెలసిన ఎలగందుల, 1905 వరకు జిల్లాకు కేంద్రము. అధికారులు, జాగీర్దారులు ఉన్నచోట వెండి కొనువారుందురు గదా! అచ్చట వెండి తీగపని వర్ధిల్లినది. ఆ యేట కేంద్రము కరీంనగరమునకు మారగా, పనివారును క్రమముగా పనిముట్లు మూటగట్టుకొని అచ్చటికే చేరిరి. కోట శిథిలమైనది, వృత్తి బ్రతికినది. అయినను భౌగోళిక గుర్తింపు సయితము కరీంనగరము పేరనే లభించుటచే, ఎలగందుల పేరు మరుగుపడినది.

ఆ పని యెట్టిదో చిత్తగింపుడు. వెండిని కరగించి, కమ్మచ్చు రంధ్రముల గుండ లాగి లాగి వెండ్రుకవంటి తీగ తీయుదురు. రెండు తీగలను పురిపెట్టి, అదిమి, ఆకులుగను చుట్టలుగను మలచి, లావు తీగతో కట్టిన చట్రమున పొదుగుదురు. వెలిగారము చేర్చి, మంటను ఊది అతుకుదురు. మంట ఒక్క క్షణము మించెనా, తీగ కరగి ముద్దయగును. తగ్గెనా, అతుకు నిలువదు. అత్తరుదానులు, పాన్‌దానులు, పన్నీరు బుడ్లు ఇట్లే రూపొందును.

వెండిని తూచి వెల కట్టవచ్చును. దానిపై దినములకొలది వంగిన కన్నులకు వెల కట్టుట కష్టము. అందుచేతనే పనివారి పిల్లలు వేరు బ్రతుకుతెరువులు వెదకుకొనుచున్నారు. వారిని తప్పుపట్ట వలనుకాదు. కడుపు నింపని కళను మోయుమని చెప్పుటకు మనమెవరము?

కాని యొక్క మాట. రాతిగోడను బాగుచేసి నిలుపవచ్చును. చేతి నేర్పు ఒక్క తరము తప్పెనా, మరల దొరకదు. మంట రంగు చూచి అతుకు కుదిరినదని గుర్తించు చూపును ఏ పుస్తకమును పూర్తిగా నేర్పజాలదు. పుస్తకము చేయగల మేలు మరియొకటి కలదు: పనిముట్టు పేరును, పని వరుసను, పనివాడు వాడు మాటను మరుగున పడకుండ కాపాడుట.

కనుక నా విన్నపము స్వల్పము. ఈ ఊరి వాడలలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క నోటుపుస్తకము ఈ గ్రంథాలయమున తెరువుడు. కుమ్మరి సారెకు, సాలె మగ్గమునకు, కమ్మరి కొలిమికి గల మాటలన్నియు ముసలివారినడిగి యువకులు వ్రాసికొనవలెను. పనివారు ఇంకను ఉన్నచోట వారి సరకు కొనుడు. వ్రాతకంటె అది ముందు చేయవలసిన పని. రేపు ఆ వాడలకు పేర్లు మాత్రమే మిగిలిన యెడల, ఆ పేర్లకు అర్థము చెప్పగల చోటు ఈ గ్రంథాలయమొక్కటియే కావచ్చును.