చేతిలో సంచీ, చంకలో బిడ్డ: ప్రయాణ సౌకర్యాలు ఎవరి కోసం?

(క్లెమెంటిలో జరిగిన సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

మేము మూడవ తరం వాళ్లము. తెలుగును సాయంకాలపు తరగతులలో నేర్చుకున్నాము. మా మాట సాదాగానే ఉంటుంది.

సంస్కృతి ఉత్సవంలో బస్సులు, రైళ్ల ప్రసక్తి ఏమిటని మీరు అడగవచ్చు. అమ్మమ్మ మన తరగతికి, పెరుమాళ్ కోవెలకు, పాటకచ్చేరికి రాగలిగితేనే మనుమరాలి చెవిన తెలుగు పడుతుంది. మెట్లకు భయపడి, చీకటికి భయపడి ఆమె ఇంట్లో ఉండిపోతే మన భాష కూడా ఆమెతోపాటు ఇంట్లోనే ఉండిపోతుంది. అందుకే ఈ విషయాన్ని ఎంచుకున్నాము.

ఉద్యోగి ప్రయాణం తిన్నని గీత వంటిది. ఉదయం పోవడం, సాయంత్రం రావడం. ఇల్లు నడిపేవారి ప్రయాణం ముగ్గు వంటిది. చుక్క చుక్కా కలుపుకుంటూ పోవాలి. బిడ్డను బడిలో దిగబెట్టాలి, అత్తగారిని పాలీక్లినిక్‌కు తీసుకుపోవాలి, 448వ బ్లాకు మార్కెట్లో కూరలు కొనాలి, మళ్లీ బడికి పోవాలి. దూరం తక్కువ, ఎక్కి దిగడాలు ఎక్కువ. ఈ పని ఈనాటికీ ఎక్కువగా స్త్రీల మీదనే ఉన్నది.

ఇనెస్ సాంచెజ్ దె మదారియాగా అనే స్పెయిన్ దేశపు విదుషీమణి ఇటువంటి తిరుగుడుకు ‘సంరక్షణ ప్రయాణం’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. లెక్కలు వ్రాసేటప్పుడు బజారు ఒక పద్దులో, బడి ఒక పద్దులో, ఆసుపత్రి ఇంకొక పద్దులో పడతాయి. విడివిడిగా చూస్తే అన్నీ చిన్నవే. ఒక్కచోట కూడితే ఎంత పెద్ద పనియో కనబడుతుందని ఆమె వాదము. 1991లో వియన్నా నగరంలో ఎనిమిదిమంది స్త్రీల దినచర్యను ఛాయాచిత్రాలలో ప్రదర్శించారు. నగరం ఎవరిదన్న ప్రశ్న అక్కడ గట్టిగా వినబడింది. తరువాత ఆ నగరంలో కాలిబాటల వెడల్పు, వీధిదీపాల వెలుగు కూడా స్త్రీల దృష్టితో చూడడం మొదలైంది.

ఇక మన ఊరి సంగతి. క్లెమెంటి ఎం.ఆర్.టి. స్టేషన్‌ను 1988 మార్చి 12న తెరిచారు. ఆ తొలినాటి స్టేషన్లను ప్రయాణికులకు లిఫ్టులు లేకుండానే కట్టారు. తరువాత ఒక్కొక్కటిగా లిఫ్టులు చేర్చగా, 2006 నాటికి ప్రతి స్టేషన్‌లోను మెట్లు లేని దారి కనీసం ఒకటి ఏర్పడింది. చక్రాల కుర్చీ ఎక్కగల బస్సులు 2006లో మొదలై, 2020 చివరికి ఊరంతా అవే అయ్యాయి. 2009లో వచ్చిన పద్ధతి ప్రకారం కొన్ని కూడళ్లలో వృద్ధులు కార్డు తాకిస్తే పచ్చదీపం మరికొన్ని సెకండ్లు ఆగుతుంది. 2017 ఏప్రిల్ నుండి బిడ్డల బండిని మడవకుండానే బస్సెక్కవచ్చు. కుర్చీ కోసం పెట్టిన లిఫ్టులో ఈనాడు గర్భిణి, కూరల సంచీ మోసే తాతగారు, ఇంట్లో సాయం చేసే పనిమనిషి అందరూ ఎక్కుతున్నారు.

ఛార్జీల విషయం కూడా ముఖ్యమే. 2010 జూలైలో దూరాన్నిబట్టి ఛార్జీ వచ్చింది. బస్సు మారినప్పుడల్లా మళ్లీ మొదటి నుండి డబ్బు కట్టే భారం తగ్గింది. ముగ్గులాగా తిరిగేవారికి ఇది నిజమైన మేలు. అయితే ఒక బస్సు దిగి ఇంకొకటి ఎక్కడానికి 45 నిమిషాలే గడువు. డాక్టరు కోసం అంతకంటె ఎక్కువసేపు కూర్చుంటే తరువాతి బస్సు కొత్త ప్రయాణం అవుతుంది. ఈ గడువును గూర్చి అడగవలసి ఉన్నది.

మన పూర్వుల నేలలో మరొక దారి పట్టారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి ఆర్.టి.సి. వారి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు ఉచితము. చేతిలో డబ్బు లేని ఇల్లాలు కూడా ఎవరినీ అడగకుండా గడప దాటగలదు. అయితే ఎత్తయిన మెట్టు ఎక్కలేని ముసలమ్మకు ఉచిత టిక్కెట్టు ఒక్కటే చాలదు. అక్కడివారికి మన మెట్టులేని బస్సు కావాలి. మనం వారి నుండి నేర్చుకోవలసినది, ఇల్లాలి ఖర్చును ప్రభుత్వపు లెక్కలోకి తెచ్చిన ఆ ఆలోచన.

మన క్లెమెంటికి క్రాస్ ఐలండ్ మార్గపు స్టేషన్ కూడా రాబోతున్నది. 2032 నాటికి పూర్తి చేయాలని సంకల్పము. కట్టిన తరువాత గోడ పగులగొట్టి లిఫ్టు పెట్టడం కంటె, ముందే చెప్పడం సులభము.

కనుక మా మనవి రెండు మాటలు. ప్రతి ఇంట్లోను ఒక్క వారం ఎవరు ఎక్కడికి, ఎవరిని వెంటబెట్టుకుని, ఏమి మోసుకుని పోయారో ఒక కాగితం మీద వ్రాయండి. పిల్లలు తెలుగులో వ్రాస్తే పాఠం కూడా అయిపోతుంది. ఆ కాగితాలతో మన ప్రతినిధుల ముందుకు పోదాము. రెండవది, ఆ కాగితాన్ని ఇంటి మగవారు కూడా చదవాలి. చదివి, మార్కెట్ సంచీ ఒకటి తమ చేతిలోకి తీసుకోవాలి. దానికి ఏ ప్రభుత్వపు అనుమతీ అక్కరలేదు.