శ్వాసాభ్యాసము - మనోవేదన
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మామిడికి ధర పడిపోయిన ఏడు, వేరుసెనగ ఎండిన ఏడు మన పల్లెలలో కొందరికి నిద్ర పట్టదు. అన్నము సయించదు. పొలమునకు పోవ మనస్సు రాదు. ఇంటివారు గాలి సోకినదని తాయెత్తు కట్టింతురు. మరికొందరు, "ప్రాణాయామము చేయుము, మాత్రలెందుకు?" అందురు. ఈ రెండవ మాటలో కొంత సత్యము కలదు. అది ఎంతయో తెలిసికొనుట మంచిది.

మన జిల్లావారు పలమనేరు, ముళబాగిలు మీదుగా పోయి చూపించుకొను బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యశాలలో దీనిని పరీక్షించి, 2000వ సంవత్సరమున ఫలితములు ప్రకటించిరి. తీవ్రమైన విషాద రోగముతో చేరిన 45 మందిని మూడు సమాన జట్లు చేసిరి. ఒక జట్టుకు విద్యుత్ చికిత్స, ఒక జట్టుకు ఇమిప్రమిన్ మాత్రలు ఇచ్చిరి. మూడవ జట్టువారు శ్రీశ్రీ రవిశంకర్ రూపొందించిన సుదర్శన క్రియను, అనగా కూర్చుండి ఒక లయలో ఊపిరి తీసి విడుచు అభ్యాసమును, తామే చేసిరి. నాలుగు వారములకు వ్యాధి నెమ్మదించినవారు మొదటి జట్టున నూటికి 93, రెండవ జట్టున 73, మూడవ జట్టున 67. మందు లేకయే ఇందరికి గుణము కనిపించుట సామాన్యము కాదు.

అయితే ఒక్కొక్క జట్టున పదునైదుగురే. ఏ చికిత్సయు పొందని జట్టు పోల్చి చూచుటకు లేదు. శ్వాసాభ్యాసముతో నెమ్మదింపనివారు మూడవ వంతు. వారు వైద్యుల కన్నుల యెదుటనే యుండిరి. ఇంటి పంచలో కూర్చున్న అట్టివానిని ఎవరు కనిపెట్టుదురు?

నెమ్మదిగా ఊపిరి తీసి, అంతకంటె మెల్లగా విడుచుట ఎవరైనను పది నిమిషములు చేయవచ్చును. ఖర్చు లేదు. కొలిమితిత్తివలె వేగముగా చేయు భస్త్రికను మాత్రము నేర్పువారు లేక చేయరాదు. గుండెజబ్బు, మూర్ఛ కలవారును, గర్భిణులును ముందుగా వైద్యుని అడుగవలెను. శ్వాస నేర్చితినని వైద్యుడిచ్చిన మాత్రను మానరాదు.

చావు మాట నోట వచ్చినవానికి మాత్రము ప్రాణాయామమును ఉపదేశింపకుడు. వానిని ఒంటరిగా విడువకుడు. ఇంటిలోని పురుగుమందు డబ్బాను మొదట తీయించి తాళము వేయింపుడు. తిరుపతి రుయా ఆసుపత్రికిగాని, దగ్గరనున్న ప్రభుత్వాసుపత్రికిగాని వెంట తోడ్కొని పొండు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ వారికి 14416 నెంబరున రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడుదురు. ఆ నెంబరును పంచాయతీ కార్యాలయము గోడపైనను, పురుగుమందుల అంగడి ముందునను వ్రాయింపుడు. మన గోడలపై పథకముల పేర్లన్నియు నున్నవి. ఈ అయిదంకెలకు చోటు దొరకకపోదు.