దస్తర్‌ఖాన్, వెండితెర
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



"మనం ఉర్దూవాళ్ళమా, తెలుగువాళ్ళమా?" అని మా బడి పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు. ఇది చిన్న ప్రశ్న కాదు. ఇంట్లో అమ్మీతో ఒక భాష, బజారులో మరొక భాష మాట్లాడే పిల్లవాడికి రెండుచోట్లా తాను పరాయివాణ్ణేమో అనే అనుమానం కలగడం సహజం. మేము మాత్రం "రెండూ" అనే జవాబు చెబుతాం. రుజువు మన వంటింట్లోనే ఉన్నది.

బగారా బైంగన్ చూడండి. పేరు ఉర్దూది. అందులో పడే వంకాయలు, చింతపండు, నువ్వులు, పల్లీలు ఈ నేల పంటలు. పొరుగింటి గుత్తివంకాయ కూర దానికి తోబుట్టువే. మనం అంబాడా అన్నా, వారు గోంగూర అన్నా ఆకు ఒక్కటే, పులుపు ఒక్కటే. ఇక హలీమ్ సంగతి. అరబ్బుల హరీస్ ఇక్కడికి వచ్చి, మన మసాలాలు కలుపుకొని హైదరాబాదుదే అయిపోయింది. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. రంజాన్ సాయంత్రం హలీమ్ బట్టీల దగ్గర నిలబడేవారిలో అన్ని మతాలవారూ ఉంటారు.

సినిమా సంగతీ అంతే. డాక్టర్ సి. నారాయణరెడ్డిగారు చదువుకున్నది ఉర్దూ మీడియంలో. ఆయన పాటల రచయితగా అడుగుపెట్టిన చిత్రం 1962 నాటి 'గులేబకావళి కథ'. ఆ పేరులోని 'గుల్' మనమెరిగిన పువ్వే. 1979లో ఎన్.టి. రామారావుగారి 'అక్బర్ సలీమ్ అనార్కలి'లో ఆయన తెలుగు పాటను మహమ్మద్ రఫీ సాహెబ్ పాడారు. ఇందులో ఎవరి భాష తరిగిపోయింది? 1988 సంవత్సరపు జ్ఞానపీఠాన్ని తెలుగుకు తెచ్చినదీ ఆ ఉర్దూ మీడియం విద్యార్థే కదా!

అయితే ఒక్క మాట. రుచి దానంతటదే నాలుకకు అంటుతుంది, పాట చెవికి అంటుతుంది. అక్షరం మాత్రం నేర్పితేనే వస్తుంది. ఉర్దూ పాటలు హాయిగా పాడుతూ ఉర్దూ చదవలేని పిల్లలూ, తెలుగు డైలాగులు గడగడా అప్పజెపుతూ తెలుగులో ఉత్తరం రాయలేని పిల్లలూ మాకు బళ్ళో కనబడుతున్నారు. ఇలాగే వదిలేస్తే రేపు వాళ్ళకు రెండు ఇళ్ళుండీ తాళంచెవి ఒక్కటీ ఉండదు.

కాబట్టి తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. దాదీ, నానీ చేతి వంటలను వారు చెబుతుండగా పిల్లలచేత రాయించండి. ఒక పుటలో ఉర్దూ, ఎదుటి పుటలో తెలుగు. ఖర్చు ఒక నోటుబుక్కు. దానితో వంటా నిలుస్తుంది, రెండు భాషలూ నిలుస్తాయి.