బస్సు ప్రయాణమునకు పిల్లలబండి



పిల్లలబండిని గుఱించి పల్లెటూరి పెద్దలకు ప్రసంగ మేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. మన బిడ్డలు చంకలలో పెరిగినవారు. నడక నేర్చునాటికి వడ్రంగి చేసియిచ్చిన మూడు చక్రముల కొయ్యబండి యొకటి యింట నుండెడిది. అది బిడ్డ తోయునదే గాని బిడ్డను కూర్చుండబెట్టి మనము తోయునది కాదు. తోపుడుబండి యన్నచో మనకు నేటికిని అరటిపండ్ల బండియే జ్ఞప్తికి వచ్చును. అయినను కాలము మాఱినది. లండనులోనో, డల్లాసులోనో కాపురమున్న కొడుకో కూతురో లేని యూరు మన గుంటూరు, కృష్ణా, కరీంనగరు సీమలలో నేడు అరుదు. మనుమడు పుట్టెనను వార్త రాగానే ఆవకాయ జాడీ భద్రముగ కట్టుకొని విమాన మెక్కుచున్నవారము మనమే. అచ్చటికి పోయిన పిమ్మట అల్లునికి కచేరి, కూతురికి కచేరి. బిడ్డ మన పాలబడును. మనకు అచ్చట కారు నడపు లైసెన్సు లేదు. కావున బిడ్డను బండిలో నుంచి, ఆ బండితో బస్సెక్కుట తప్పదు. ఆ బండి యెట్టిదై యుండవలెనో తెలియక నేను చేసిన తప్పు మీరు చేయకుందురని యీ మాటలు చెప్పుచున్నాను.

2018వ సంవత్సరమున నేనును నా భార్యయు లండను నగరమునకు వాయవ్య దిశ నున్న హారో యను ప్రాంతమునకు, మా అమ్మాయి యింటికి పోయితిమి. మనుమనికి అప్పటికి నాలుగు నెలలు. తాత కొనియిచ్చెనను పేరుండవలెనని నే నొక బండి కొంటిని. అంగడిలో నున్నవానిలో కెల్ల అందమైనది. పెద్ద చక్రములు, మెత్తని పఱుపు, బిడ్డను పండబెట్టుటకు తొట్టి వేఱు, కూర్చుండబెట్టుటకు కుర్చీ వేఱు. బరువు 14 కిలోలు. వీధిలో త్రోయుచున్నచో రథము పోవునట్లు పోవుచుండెను. మడుచు విధమును అంగడివాడు రెండుమాఱులు చూపెను. నేను బండి యంచులకు కుట్టిన తోలును చూచుచు వినకుంటిని.

నవంబరు నెలలో నొకనాడు గ్రంథాలయమున పసిబిడ్డలకు పాటలు నేర్పు కూటమునకు పోయి తిరిగి వచ్చుచుంటిమి. అచ్చట ఆ నెలలో సాయంకాలము నాలుగున్నర కెల్ల చీకటిపడును. వాన. బస్సు నిండియున్నది. బస్సు నడుమ బండ్లుంచుకొను ఖాళీస్థలమున మా రథమును నిలిపి, ప్రక్కనే కూర్చుంటిమి. మనుమడు నిదురించుచుండెను. మూడవ మజిలీలో చక్రముల కుర్చీలో నొక పెద్దమనిషి కనిపెట్టుకొని యుండెను. వయసు నా యీడు. మోకాళ్లపై కప్పుకొన్న గుడ్డ తడిసియున్నది. డ్రైవరు మావైపు తిరిగి, దయచేసి బండిని మడువుడని యడిగెను. క్షణ మాగి మరల నడిగెను.

నేను ముప్పది యేండ్లు బడిపంతులుగా నుండి పిల్లలకు ఆంగ్లము చెప్పినవాడను. అయినను ఆతని మాట అర్థము కానివానివలె కిటికీవైపు చూచుచు కూర్చుంటిని. బిడ్డ నిదుర చెడునని మనసునకు సాకు చెప్పుకొంటిని. నిజమేమన, ఆ బండిని మడువవలెనన్న బిడ్డను తీసి, క్రింది బుట్టలోని సామానంతయు తీసి, కుర్చీని ఊడదీసి, పిమ్మట రెండు చేతులతో చట్రమును నొక్కవలెను. అది నాకు చేతకాదు. చేతకాదని పదుగురిలో తెలియుటకు సిగ్గుపడితిని. ఆ పెద్దమనిషి మాబిడ్డను చూచి, పోనిండని చేయి ఊపెను. తలుపులు మూసికొనెను. బస్సు సాగెను. నా భార్య యిల్లు చేరువఱకు నాతో పలుకలేదు.

రాత్రి అమ్మాయితో చెప్పగా, "నాన్నా, ఆ చోటు మనది కాదు, వాళ్లది. ఖాళీగా ఉంటేనే మనం వాడుకోవాలి" అని, ఆ దేశమున జరిగిన యొక వ్యాజ్యమును చెప్పెను. 2012వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన డగ్ పాలీ యను నాతడు చక్రముల కుర్చీలో వెదర్‌బీ యను పట్టణమున బస్సెక్కబోయెను. లీడ్స్ నగరమున రైలెక్కి తల్లిదండ్రులను కలిసికొనుట ఆతని యుద్దేశము. చక్రముల కుర్చీ నిలుపు స్థలమున నొక తల్లి నిదురించు బిడ్డతో బండి నుంచుకొనియున్నది. డ్రైవరు కోరగా నామె తన బండి మడతపడదనెను. ఆతడు బస్సెక్కలేక పోయెను. ఈ వ్యాజ్యము మెట్లుమెట్లుగా పోయి 2017 జనవరి 18న ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమున తీర్పు పొందెను. డ్రైవరు ఒకమాఱు అడిగి, కాదన్నచో ఊరకుండుట చాలదనియు, నిష్కారణముగా చోటు విడువనివారిని కదలించుటకు మఱికొంత ప్రయత్నము, అవసరమైనచో బస్సును కొంతసేపు నిలుపుటయు, ఆలోచింపవలెననియు న్యాయమూర్తులు పలికిరి. కాని బలవంతముగ దింపివేయుమని యనలేదు.

ఆ స్థలము వచ్చిన విధము కూడ తెలిసికొనదగినది. పూర్వము లండను బస్సులకు మెట్లుండెను. తల్లులు బిడ్డను ఎత్తుకొని, బండిని మడిచి, అది పట్టుకొని ఎక్కెడివారు. చక్రముల కుర్చీలవారికి ఎక్కు దారియే లేకుండెను. 1990వ దశకమున వారు తమ్ము తాము బస్సులకు గొలుసులతో కట్టుకొని ఆందోళనము చేసిరి. 1994 నుండి లోపలి నేల తక్కువ ఎత్తున నుండు బస్సులు లండనులో తిరుగసాగినవి. 2000 సంవత్సరపు నిబంధనలు పెద్ద బస్సులలో చక్రముల కుర్చీకి 1300 మిల్లీమీటర్ల పొడవు, 750 మిల్లీమీటర్ల వెడల్పు గల చోటు ఉండి తీరవలెనని శాసించినవి. ఇంచుమించుగ మన నులకమంచములో మూడింట రెండుపాళ్లంత చోటు. వారు పోరాడి తెచ్చుకొన్న ఆ చోటున మన బిడ్డలబండ్లు సుఖముగ దూఱుచున్నవి. దూఱుట తప్పు కాదు, లేవలేకుండుట తప్పు.

కావున బస్సు ప్రయాణమునకు బండి కొనువారు మొట్టమొదట చూడవలసినది మడత. ఒక చేత బిడ్డ యుండును; రెండవ చేత బండి మడతపడవలెను. మూడవ చేయి భగవంతుడు మనకీయలేదు. అంగడిలో సిగ్గుపడక బిడ్డను చంకనెత్తుకొని మీరే మడిచి చూడుడు. అంగడివాడు మడిచి చూపుట లెక్కకు రాదు. ఆతని వయసు పాతికయేండ్లు, మన మోకాళ్లు మనవి. మడిచిన పిమ్మట దానంతటది విచ్చుకొనకుండ కొక్కెము పడవలెను. గోడకానించకయే నిలుచునట్టిదైన మఱియు మేలు. ఏలయన కదలుచున్న బస్సులో దానిని పట్టుకొనుటకు వేఱొక మనిషి దొరకడు.

ఇట్లు మడతపడు తేలికబండిని ప్రసిద్ధికి తెచ్చినవాడు కూడ ఒక తాతయే యని విని నాకు కొంత ఊరట కలిగినది. ఓవెన్ మెక్లారెన్ అనునాతడు విమానముల చక్రములను లోనికి మడుచు సాధనములను కల్పించిన యింజనీరు. స్పిట్‌ఫైర్ యను యుద్ధవిమానపు చక్రముల చట్రమున ఆతని చేయి కలదు. ఉద్యోగము మానిన పిమ్మట, కూతురు మనుమరాలి బరువుబండితో పడు పాట్లు చూచి, 1965లో అల్యూమినియము గొట్టములతో గొడుగువలె ముడుచుకొను బండిని కల్పించెను. తూకము 6 పౌనులు, అనగా మూడు కిలోలకు లోపు. నేటి బండ్లకు నీడకప్పు, పఱుపు, బుట్ట చేరుటచే మంచివి ఆఱేడు కిలోలు తూగుచున్నవి. అంతకు మించినదానిని, పది కిలోల బిడ్డతో సహా, మెట్లపై మోయుట మన వయసువారికి తగదు. లండనులో బస్సు దిగిన పిమ్మట కూడ మెట్లుగల యిండ్లు చాల.

గొడుగుబండికొక దోషము కలదు. పిడులు రెండు విడివిడిగ నుండుటచే ఒంటిచేత త్రోసినచో ప్రక్కకు పోవును. ఒక చేత టిక్కెట్టు కార్డు పట్టుకొనువారికి అడ్డముగ నొకే పిడిగల బండి అనువు. అట్టివి కూడ ఒంటిచేత మడతపడునవి దొరకుచున్నవి, వెల కొంచె మెక్కువ. ఇక మడతకీళ్ల సంగతి. బండి విప్పునపుడును ముడుచునపుడును బిడ్డ వ్రేళ్లు దూరముగ నుండవలెను. 2009 నవంబరులో అమెరికాలో గొడుగుబండ్ల కీళ్ల నడుమ బిడ్డల వ్రేలికొనలు తెగుటచే, దాదాపు పదిలక్షల బండ్లకు తొడుగులు పంచవలసి వచ్చినది. పాతబండిని బంధువులిచ్చినచో ఆ కీలుపై తొడుగున్నదో లేదో చూచి గాని పుచ్చుకొనకుడు.

చక్రములు మఱీ చిన్నవైనచో బస్సునకు కాలిబాటకు నడుమనుండు సందులో దిగబడును. పిడిని క్రిందికి నొక్కి, ముందుచక్రములను లేపి దాటింపవలెను. సంచులు పిడికి తగిలింపరాదు. బిడ్డ కూర్చున్నంతసేపు ఏమియు కాదు. బిడ్డ నెత్తుకొన్న మఱుక్షణము బండి వెనుకకు పడిపోవును. నా భార్య కొన్న గోధుమపిండి బస్సులో నెల్లెడల చల్లబడిన దినము నాకు గుర్తున్నది. బస్సులో బండి వీపు అచ్చటి పలకకు ఆనునట్లు, బిడ్డ ముఖము బస్సు వెనుకవైపునకుండునట్లు నిలిపి, బ్రేకు తొక్కి, నడుముపట్టీ భుజపట్టీలు బిగింపవలెను. ఆకస్మికముగ బస్సాగినచో పలకయే బిడ్డకు కాపుదల. ఎండకాలమున బండిపై పలుచని గుడ్డయైనను కప్పరాదు. లోపలి గాలి వేడెక్కి బిడ్డ ఉడికిపోవును. వానతొడుగును కూడ బస్సెక్కగనే తీసివేయవలెను.

అయితే ఆఱునెలలు నిండని బిడ్డ సంగతి వేఱు. వెన్నును మెడను నిలువలేని బిడ్డకు వెల్లకిల పండుకొను బండియే కావలెను. తేలికబండ్లలో పెక్కు అందులకు పనికిరావు. రెండును కుదురు బండి వెదకి వెదకి విసుగుచెందుటకంటె, ఆ నెలలలో బస్సులో పోవలసినపుడు ఱొమ్మునకు కట్టుకొను గుడ్డజోలె మేలని నా యభిప్రాయము. మన కూలితల్లులు బిడ్డలను వీపున కట్టుకొని పొలము పోవుట మీ రెఱిగినదే. బిడ్డ ముఖము మనకు కనబడుచుండవలెను, గడ్డము ఱొమ్మున కానుకొని ఊపిరికి అడ్డుపడరాదు, అంతియే జాగ్రత్త. కవలలైనచో ప్రక్కప్రక్కన కూర్చుండు బండికంటె ఒకరి వెనుక నొకరు కూర్చుండునది బస్సునకు అనువు. పెద్దబిడ్డకు మూడేండ్లు దాటినచో బండివెనుక తగిలించు చిన్న నిలువుపలక చాలును.

నేను మఱుసటి వారమే ఆ రథమును అమ్మివేసి, ఏడు కిలోల బండి కొంటిని. సగము వెల నష్టము. దినమునకు పదిమాఱులు ఇంటి హాలులో మడిచి విప్పి అభ్యాసము చేసితిని. మనుమడు చూచి కేరింతలు కొట్టెడివాడు. తరువాతి నెలలో రెండుమాఱులు చక్రముల కుర్చీలవారు బస్సెక్కిరి. రెండుమాఱులును డ్రైవరు అడుగక మునుపే మడిచితిని. నవంబరునాటి పెద్దమనిషి మాత్రము మరల కనబడలేదు.

తిరిగివచ్చునపుడు ఆ బండిని ఊరికి తెచ్చితిని. ఇచ్చట దానికి దారి లేదు. మా కంకరబాటలో ఆ చిన్నచక్రములు తిరుగవు. మన బస్సుల మెట్లు ఎత్తు. స్త్రీలకు టిక్కెట్టు లేకుండ ప్రయాణము తెలంగాణమున 2023 డిసెంబరునుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టునుండియు కలిగిన పిమ్మట పలు బస్సులలో నిలుచుటకే చోటు చాలదు. కావున అటకపై బెట్టితిని. మొన్న అమ్మాయి ఫోను చేసి మరల నెల తప్పినదని చెప్పెను. బండిని దింపి దుమ్ము తుడిచి కీళ్లు చూచితిని. నడుముపట్టీ ఒకటి ఎలుక కొఱికినది. దానిని కుట్టించుకొనుటకంటె క్రొత్తపట్టీ తెప్పించుకొనుట క్షేమమని, కొలత తీసి అమ్మాయికి వ్రాసితిని.