‘అశ్రద్ధ’ అన్న ముద్ర - ఆడపిల్లల భవిష్యత్తు

(చిక్కడపల్లిలో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న చోటికి దగ్గరలోనే నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలతో అది రోజూ కిటకిటలాడుతుంది. అటు అశోక్‌నగర్ వీధుల నిండా కోచింగ్ సెంటర్లు, లేడీస్ హాస్టళ్ళు, జెరాక్స్ షాపులు. ఈ మధ్య అలాంటి ఒక హాస్టల్లో ఉంటున్న అమ్మాయితో మాట్లాడాను. ఆమెకు 24 ఏళ్ళు. పదో తరగతి దాకా వాళ్ళమ్మ పక్కన కూర్చుని చదివించింది. ఇంటర్లో రెసిడెన్షియల్ కాలేజీ వాళ్ళు గంట కొట్టి లేపారు, గంట కొట్టి పడుకోబెట్టారు. మార్కులు వచ్చాయి. ఇక్కడికి వచ్చాక గంట కొట్టేవాళ్ళు లేరు. ఒకే పేజీ ముందు పూట గడిచిపోతుంది. ఫీజు కట్టిన టెస్టుల్లో సగం రాయలేదు. ఒక ఉద్యోగానికి దరఖాస్తు ఆఖరు తేదీ కూడా దాటబెట్టుకుంది. ‘‘మేడమ్, నాకు తెలివి లేదా, లేక బద్ధకమా?’’ అని అడిగింది. ఈ రెండూ కాక మూడో కారణం ఉండవచ్చని ఆమెకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఆ మూడోది ఎ.డి.హెచ్.డి. కావచ్చు. ధ్యాస నిలవకపోవడం, నిలకడలేని అతిచురుకుదనం, ఆగలేనితనం దీని లక్షణాలు. నేను సమాజశాస్త్రం చదివినదాన్ని, డాక్టర్ని కాను. ఆ అమ్మాయికి అదే ఉందని నేను చెప్పలేను. నిద్రలేమి, రక్తహీనత, థైరాయిడ్, దిగులు కూడా ఇలాగే కనిపిస్తాయి. నా ప్రశ్న వేరు. 24 ఏళ్ళు వచ్చేదాకా ఈ అనుమానం ఎవరికీ ఎందుకు రాలేదు?

1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే డాక్టరు ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. ఆయన చూసిన పిల్లల్లో మగపిల్లలే ఎక్కువ. తర్వాత లక్షణాల జాబితాలు కూడా బెంచీలెక్కి దూకే మగపిల్లవాణ్ణి దృష్టిలో పెట్టుకుని తయారయ్యాయి. కిటికీలోంచి చూస్తూ కూర్చున్న ఆడపిల్ల ఎవరికీ అడ్డు రాదు గనక ఎవరికీ కనిపించదు. అందుకే చిన్నతనంలో ఈ పేరు పడేది ఎక్కువగా మగపిల్లలకే. పెద్దవాళ్ళలో ఆ తేడా బాగా తగ్గిపోతుంది. లక్షణాలు ఏడేళ్ళలోపే కనిపించాలన్న నిబంధనను అమెరికా మానసిక వైద్యులు 2013లో పన్నెండేళ్ళకు మార్చారు.

అమెరికాలోని బర్క్‌లీలో స్టీఫెన్ హిన్‌షా బృందం ఈ లక్షణాలున్న 140 మంది బాలికలనూ, లేని 88 మందినీ ఏళ్ళ తరబడి గమనించింది. పదేళ్ళ తర్వాతి ఫలితాలు 2012లో వచ్చాయి. చాలామందిలో పైకి కనిపించే చంచలత్వం తగ్గింది కానీ కష్టం తగ్గలేదు. చదువులో వెనకబాటు, తమను తాము గాయపరచుకోవడం, ఆత్మహత్యా ప్రయత్నాలు వీళ్ళలో ఎక్కువగా కనిపించాయి. ‘పెద్దయితే అదే పోతుంది’ అనే మాట ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మన దగ్గర దీనికి పెళ్ళి ఒత్తిడి కూడా తోడవుతుంది. కొడుకు పరీక్ష తప్పితే ‘ఇంకో అటెంప్ట్’, కూతురు తప్పితే ‘సంబంధాలు చూద్దాం’. పెళ్ళయ్యాక గ్యాస్ బుకింగ్, మామగారి మాత్రలు, పిల్లల ఫీజు గడువు అన్నీ గుర్తుపెట్టుకోవలసింది ఆమే. అంటే ఏది ఆమెకు అన్నిటికంటే కష్టమో అదే ఆమె ధర్మమంటారు. మగవాడు మరచిపోతే ‘ఆయనకేదో ఆలోచన’ అంటాం. ఆడది మరచిపోతే ‘ఇల్లు పట్టని మనిషి’.

పరీక్షల తీరు కూడా చూడండి. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో జరిగింది. ప్రశ్నపత్రం లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్ వచ్చింది, పోస్టులు 563. ఇందులో తప్పినవాళ్ళందరికీ ఏదో లోపం ఉందనుకుంటే అంతకంటే అన్యాయం లేదు. అయితే గడువు దగ్గరపడితేనే పని కదిలే మనసుకు, గడువే లేని ఆ నెలలు మరింత నరకం.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. స్త్రీల కోపానికి, దుఃఖానికి హిస్టీరియా అని పేరు పెట్టిన వైద్యాన్ని మనమే విమర్శించాం కదా, మళ్ళీ ఒక జబ్బు పేరు ఎందుకు? ఆ అనుమానం అవసరమే. కానీ పేరు లేకపోయినంత మాత్రాన ఆ అమ్మాయి స్వేచ్ఛగా లేదు. బద్ధకస్తురాలు, మొద్దు, బాధ్యత లేనిది అన్న పేర్లు ముందే ఉన్నాయి. కొత్త పేరు కావాలో వద్దో, ఎవరికి చెప్పాలో నిర్ణయించుకునే హక్కు ఆమెది. సంబంధాలు తప్పిపోతాయని తల్లిదండ్రులు దాచడమూ, ఆమెను అడగకుండా బయటపెట్టడమూ రెండూ తప్పే.

చట్టం ఏం చెబుతోంది? 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఎ.డి.హెచ్.డి. పేరు విడిగా లేదు. అయితే 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. ఆయన చేతి కండరాల ఇబ్బంది వల్ల రాయలేని సివిల్స్ అభ్యర్థి. నలభై శాతం వైకల్యం లేదన్న కారణంతో సహాయకుణ్ణి నిరాకరించకూడదని కోర్టు తీర్పునిచ్చింది. ధ్యాస నిలవని పిల్లలకు అదనపు సమయం, నిశ్శబ్దమైన గది కావాలని అడగడానికి ఈ తీర్పు మనకొక ఆధారం.

నారాయణగూడలోని మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల 1928లో మొదలైంది. ఆ తరం ఆడపిల్ల బడిలో కూర్చోవడం కోసం పోరాడింది. అక్కడ కూర్చున్న పిల్ల మనసులో ఏం జరుగుతోందో పట్టించుకోవడం మన తరం పని.

అందుకని మన కార్యకర్తలకు రెండు మాటలు. ఇల్లు సరిగా చూసుకోవడం లేదన్న ఫిర్యాదుతో ఏ కోడలైనా మన దగ్గరికి వస్తే, సర్దుకుపొమ్మనే ముందు చిన్నప్పుడు బడిలో ఎలా ఉండేదో ఒక్కసారి అడగండి. హాస్టల్లో ఎవరైనా ఏకాగ్రత మాత్రలని ఇస్తే వేసుకోవద్దని, మానసిక వైద్యుల్ని కలవమని చెప్పండి. చచ్చిపోవాలనిపిస్తోందన్న పిల్లను ఒంటరిగా వదలకండి. టెలి మానస్ నంబరు 14416కు ఆమె పక్కన ఉండి ఫోన్ చేయించండి.

ఆ హాస్టల్ అమ్మాయి ఇప్పుడు ఇద్దరు స్నేహితురాళ్ళతో ఒకే బల్ల దగ్గర చదువుకుంటోంది. డాక్టరుకు చూపించుకోవాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తోంది. ఆలోచించుకోనిద్దాం. అందాకా ఆమెకు గడువు ఇమ్మని ఆ ఇంట్లో వాళ్ళకు చెప్పగలిగేది మనమే.