కార్యాలయములలో బ్రెయిలు వ్రాత



కార్యాలయమునుండి అచ్చులో వచ్చు పింఛను కాగితమును అంధుడు పరులచేత చదివించుకొనవలసినదే. తన సొమ్ము సంగతి పొరుగువారికి ముందు తెలిసి, తనకు పిమ్మట తెలియును. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కార్యాలయముల గుమాస్తాలకు బ్రెయిలు వ్రాయుట నేర్పవలెనని నేను కోరుట ఇందుకే.

చూపున్నవారు దీనిని వ్రేళ్ళతో నేర్వనక్కరలేదు, కంటితోనే చదువవచ్చును. గడి ఒకటి, చుక్కలు ఆరు, వానినుండి 63 ఆకృతులు. చిక్కంతయు మన గుణింతములతోను, వత్తులతోను వచ్చును. 1951లో ఏర్పడిన భారతీ బ్రెయిలులో గుడి, కొమ్ము లేవు. హల్లు తరువాత అచ్చునే వ్రాయుదురు. వత్తు లేదు; జంట హల్లులకు ముందు నాలుగవ చుక్క గల గడి నిలుచును. కావున కోరుట్ల యనుటకు క, ఓ, ర, ఉ, ఆ చుక్క, ట, ల అని ఏడు గడులు. జగిత్యాలకు ఎనిమిది, సిరిసిల్లకు తొమ్మిది.

పలకపై సూదితో పొడుచువారు కుడినుండి ఎడమకు పోవలెను. కాగితము త్రిప్పిన పిమ్మట ఎడమనుండి చదువుదురు. బట్ట తిరుగువైపు నెరిగిన సిరిసిల్లవారికి ఇది వింత గాదు! కంప్యూటరు, ఎంబాసరు యంత్రము ఉన్నచోట ఈ శ్రమ లేదు.

అంకెలయెడ మాత్రము మిక్కిలి జాగ్రత్త వలయును. సంఖ్యాచిహ్నము మరచినచో 1 కాస్తా 'అ' యగును. పింఛను మొత్తమున ఇట్టి పొరపాటు చిన్నది గాదు. కనుక బ్రెయిలు చదువగల అంధునొకనిని, ఉచితసేవకు గాక వేతనముపై, పరిశీలకునిగా నియమింపవలెను. అంధులందరికిని బ్రెయిలు రాదు. కాగితము పంపుటకు ముందే, ఏ రూపమున కావలెనో వారినే అడుగవలెను.